దివాన్ వెనక రెండో తీగ

మేడ్చల్, శామీర్‌పేటల మధ్య స్పీకర్లకు విడివిడిగా తీగలు వేసుకున్న మొదటి మనిషిని నేనే. ఆ తీగల మీద పాట విని మా బామ్మర్ది కంట నీరు పెట్టుకున్నాడు.

సరే, మొదటివాణ్ణో కాదో ఎవరూ లెక్క తీయలేదు. మా గల్లీలో ఇంకెవరికీ ఇంత తీరిక లేకపోవడం మాత్రం నిజం.

నా స్పీకర్ల వెనక తీగలు బిగించే మరలు రెండేసి జతలుంటాయి. సన్నని ధ్వనులకు పైజత, మోతకు కిందిజత. ఆంప్లిఫయర్ నుంచి ఒక్కో జతకు ఒక్కో తీగ వేస్తే పాట విచ్చుకుంటుందని ఎక్కడో విన్నాను. కొంపల్లి పోయి ఎర్ర తీగచుట్ట తెచ్చి, దివాన్ వెనకనుంచి రెండో వరస లాగాను. రెండు జతలనూ కలిపే ఇత్తడి పట్టీని అప్పుడు తీసేయాలట. నేను తీయలేదు. అది ఉన్నంతకాలం రెండో తీగ ఉన్నా లేకున్నా స్పీకరు మొత్తం మోగుతుందని నాకప్పుడు తెలియదు.

మా ఆవిడకేమో స్పీకర్లున్న ఆ మూల కుట్టుమిషన్‌కు కావాలి. కిటికీ వెలుతురు అక్కడే పడుతుంది, ఇంకెక్కడా సూదిలోకి దారం ఎక్కడం లేదని ఏడాదిగా అడుగుతోంది. చివరికి ఒప్పందం కుదిరింది. ఆదివారం రావల్కోల్ నుంచి వచ్చే ఆమె తమ్ముడికి తేడా తెలిస్తే నా పాటల పెట్టె అక్కడే. తెలియకపోతే మిద్దె మీది గదికి.

భోజనాలయ్యాక అతన్ని కూర్చోబెట్టి, ఆంప్లిఫయర్ దగ్గర కొత్త తీగ ఊడదీసి ఒక పాట పెట్టాను. మళ్లీ బిగించి అదే పాట. బిగిస్తూ బిగిస్తూ వాల్యూమ్ కొంచెం పెంచాను. ఈ సంగతి ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"తబలా అలగ్ వినొస్తలేదా?" అని అడిగాను.

"మస్తుగుంది బావా. మనిషి ముంగట కూసొని కొడుతున్నట్టే ఉన్నది" అన్నాడు కళ్లు తుడుచుకుంటూ. ఆ కన్నీళ్లు తలకాయకూర కారానివి. అక్క చేతి వంట తిని బావతో వాదించే అలవాటు అతనికి లేదు.

గెలిచినవాడిలా మా ఆవిడవైపు చూశాను. ఆమె కుట్టుపని టేపుతో మూలను కొలుస్తోంది. తల కూడా ఎత్తలేదు.

"గా తీగ బేస్తారం నాడే దివాన్ ఎనక నడుమల ముక్క కోసి, మిద్దె మీద దండెం కట్టిన. మూడు దినాల సంది మీ బనీన్లు దాని మీదనే ఆరుతున్నయ్. తమ్మీ, గా పెట్టెను ఓ దిక్కు పట్టు."