మా పండు బాబాయ్ గారి వయసు పద్నాలుగు

మొన్న ఆదివారం నా కొట్టు పోబోయి ఆగింది. కొట్టయితే నిలబడింది గానీ, నేను నలుగురిలో తలెత్తుకు తిరిగే యోగం మాత్రం పోయింది. టీ చల్లారిపోతుంది, తాగుతూ వినండి. మధ్యలో నవ్వితే మానేస్తాను.

నా సీడీల కొట్టు మీకు తెలుసుగా, బస్టాండుకెళ్ళే దారిలో, గ్రేసమ్మ టీచర్ గారి మేడ కింద. ఈ మధ్య అమలాపురంలో పిల్లల చదువుకని ప్రతి ఇంట్లోనూ కంప్యూటర్ కొంటున్నారు. పిల్లలు నా దగ్గరికొచ్చి గేములు కొంటున్నారు. అలా నా బండి నడుస్తోంది. టీచర్ గారు రిటైరయ్యాక మేడ మీద లెక్కల ట్యూషన్ పెట్టారు. ఎనిమిదో క్లాసులో నాకూ లెక్కలు చెప్పింది ఆవిడే. అందుకే ఇప్పటికీ అద్దె ఇవ్వడానికి వెళితే నాకు కూర్చోవాలనిపించదు.

ఓ రోజు ఆవిడ ట్యూషన్ గదిలోకి అడుగుపెట్టబోతూ లోపల పిల్లల మాటలు విన్నారు.

"నిన్న ఎనిమిది మందిని చంపేనురా. పోలీసులొచ్చేసరికి వాళ్ళ కారే ఎక్కి పారిపోయేను."

"ఎనిమిదేనా? నేను బ్రిడ్జి మీంచి నిండు బస్సు తోసేసేను."

పాపం పెద్దావిడ గోడ పట్టుకుని నిలబడిపోయారట. అది గేమని, ఆ గేము కింద సత్తిబాబు కొట్లో దొరుకుతుందని పిల్లల చేత చెప్పించుకున్నాక, ఒక్కో మెట్టూ దిగి నా దగ్గరికి వచ్చారు. ఆ సీడీ ఏదీ చూపించమన్నారు. నేను బుద్ధిగా తీసి చూపించాను. అట్ట మీద ఓ మూల గుండ్రంగా పద్దెనిమిది అని వేసుంది. కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశారు.

"ఇదేంటి సత్తిబాబూ?"

"పద్దెనిమిదేళ్ళు నిండినవాళ్ళకేనని అర్థమండీ."

"మరి నా తొమ్మిదో క్లాసు పిల్లలకి ఎప్పుడు నిండేయి?"

ఆవిడ అరవరు, అదే భయం. ఇక మీద పద్దెనిమిది లోపు పిల్లల చేతికి ఇలాంటి సీడీ నా కొట్లోంచి వెళ్ళిందని తెలిస్తే, ఒకటో తారీకుకి కొట్టు ఖాళీ చెయ్యమని మామూలు గొంతుతో చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయారు.

కొట్టు పోతే ఏమవుతుందో మీకు తెలీదు. మా మావగారికి కొబ్బరికాయల కమీషన్ వ్యాపారం ఉంది. అక్కడ నాకో కుర్చీ పెళ్ళయిన దగ్గర్నుంచీ ఖాళీగా ఉంచారు. కనబడినప్పుడల్లా "అల్లుడు గారూ, ఇంకా ఆ రేకులే అమ్ముతున్నారా అండీ" అని ఎంతో మర్యాదగా అడుగుతారు. ఆ మర్యాద రోజూ పడే ఓపిక నాకు లేదు.

అంచేత రూలు గట్టిగా పాటిద్దామనుకున్నాను. 'పద్దెనిమిది సంవత్సరములు నిండనివారికి ఈ గేములు అమ్మబడవు' అని బోర్డు రాయించి పెట్టాను. బోర్డయితే పెట్టాను గానీ వయసు ఎలా తేల్చడం? మన వైపు మనిషిని పట్టుకుని మీ వయసెంతండీ అంటే సంబంధం చూస్తున్నాం అనుకుంటారు. అందుకని మీసం కొలమానంగా పెట్టుకున్నాను. మీసం ఉంటే ఇవ్వడం, లేకపోతే లేదు. మొదటి రోజే మామిడికుదురు గ్యాస్ సైట్లో పనిచేసే ఇంజనీరు గారొకాయన నున్నగా గీసుకుని వచ్చారు. ఇవి పిల్లలకి ఇవ్వం బాబూ అన్నాను. పక్కనున్న ఆవిడ నవ్వాపుకోలేక చీర కొంగు నోటికడ్డం పెట్టుకున్నారు. ఆయన భార్యట. ఇద్దరు పిల్లలుట. అదే రోజు మీసమొచ్చిన పదో క్లాసు కుర్రాడికి ఇవ్వబోయి, వాడి జేబుకున్న స్కూలు బ్యాడ్జీ చూసి ఆఖరి క్షణంలో లాక్కున్నాను.

ఇవన్నీ ఒక ఎత్తు. మా పండు బాబాయ్ గారు ఒక ఎత్తు.

పండు బాబాయ్ గారంటే మా తాతగారి ఆఖరి తమ్ముడికి లేక లేక పుట్టిన కొడుకు. అంటే మా నాన్నగారికి తమ్ముడు, నాకు బాబాయి. నాకు ఇరవై ఎనిమిది, ఆయనకి పద్నాలుగు. ముక్తేశ్వరం నుంచి వచ్చి మా ఇంట్లో ఉండి తొమ్మిదో క్లాసు చదువుతున్నారు. టీచర్ గారి ట్యూషనే. ఆవిడేమో మా తమ్ముడనుకుంటున్నారు. మా ఇంట్లో వరస దగ్గర తేడా రాకూడదు. మా అమ్మ ఆయన్ని "పండు బాబు గారూ" అంటుంది. ఆయన గదిలోకి వస్తే నేను కుర్చీలోంచి లేస్తాను. నన్ను మాత్రం ఆయన "ఒరేయ్ సత్తీ" అంటారు.

శనివారం మధ్యాహ్నం నలుగురు క్లాసువాళ్ళని వెంటేసుకుని కొట్లోకి వచ్చారు. అలవాటుగా లేచాను. అలవాటుగా నా కుర్చీలో కూర్చున్నారు.

"ఆ బస్సు తోసే గేము తియ్యరా."

గొంతు తగ్గించి బోర్డు చూపించాను. పైన టీచర్ గారున్నారు, నా పీకల మీదకొస్తుందని బతిమాలాను. మీరు చిన్నవారు కదండీ అన్నాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. వెనకాల నలుగురూ కిసుక్కుమన్నారు. బాబాయ్ గారి ముఖం కందిపోయింది.

"నేను చిన్నవాణ్ణా? నీ పెళ్ళిలో మీ ఆవిడతో కలిసి నా కాళ్ళకి దణ్ణం పెట్టి అక్షింతలు వేయించుకున్నప్పుడు చిన్నవాణ్ణి కాదా?"

నిజంగానే వేయించుకున్నాం. అప్పటికి ఆయన ఏడో క్లాసు. పిల్లాపాపలతో చల్లగా ఉండండర్రా అని దీవించారు కూడా. పంతులు గారు మెచ్చుకున్నారు.

ఆయన మీద అధికారం ఉన్న మనిషి మా నాన్నగారొక్కరే. నాన్నగారేమో కంటి ఆపరేషన్‌కని కాకినాడ వెళ్ళారు. ఇంటికి ఫోన్ చేస్తే అమ్మ ఎత్తింది. చెప్పుకుని ఏడ్చాను. మరిది గారు నోరు తెరిచి అడిగితే కొట్టు పెట్టుకున్నవాడివి లేదంటావా, మీ నాన్నకి తెలిస్తే ఎంత బాధపడతారు అని నన్నే కేకలేసి, ఆయనకి కూల్‌డ్రింక్ ఇప్పించమని ఫోన్ పెట్టేసింది.

అప్పుడు నాకో తెలివైన ఆలోచన వచ్చింది. అది రాకపోయినా బాగుండేది! లోపలికెళ్ళి గేము పెట్టెలోంచి సీడీ తీసేసి, అందులో పిల్లల రైమ్స్ సీడీ పెట్టాను. బాతు పిల్లలొచ్చి ఇంగ్లీషు అక్షరాలు నేర్పుతాయి, అది. తీసిన గేము సీడీ ఎక్కడ పెట్టాలి? చేతిలో ఖాళీగా ఉన్నది బాతుల పెట్టే. తర్వాత సర్దుదాంలే అని అందులో పడేశాను. బాబాయ్ గారు పెట్టె అందుకుని, కూల్‌డ్రింక్ తాగి, దర్జాగా వెళ్ళారు. టీచర్ గారి మాట నిలబడింది, ఇంటి మర్యాదా నిలబడింది. నన్ను నేను భుజం తట్టుకున్నాను.

ఆ ఆనందంలో ఉండగానే టీచర్ గారు దిగివచ్చారు. బోర్డు చూసి సంతోషించారు. చర్చికి కొత్తగా కంప్యూటర్ వచ్చింది, సండే స్కూల్ పిల్లలకి చూపించడానికి మంచి సీడీ ఏదైనా ఇవ్వమన్నారు. ఎదురుగా బాతులు కనబడుతున్నాయి. రెండు చేతులతో తీసి ఇచ్చాను. డబ్బులొద్దండీ, పిల్లలకే కదా అన్నాను కూడా.

మీలో ఒకరు అప్పుడే నవ్వుతున్నారు. చూశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక పిల్లల్ని కింద కూర్చోబెట్టి, పాస్టరు గారి చేత్తోనే సీడీ పెట్టించారట. అది దానంతట అదే మొదలైంది. బాతులు లేవు. నెత్తురు కారే గొడ్డలి పట్టుకుని ఒకడు తెర మీదకొచ్చి పిల్లల వంక చూసి నవ్వేడట. వెనకాల బస్సు అంటుకుంటోందట. పాస్టరు గారికి ఏది నొక్కితే ఆగుతుందో తెలీక చివరికి గోడకున్న ప్లగ్గు పీకేశారు. పిల్లలు భయపడి ఏడ్చినా టీచర్ గారు క్షమించేసేవారేమో. వాళ్ళు ఏడవలేదు. మళ్ళీ పెట్టండి టీచర్ అన్నారట.

మధ్యాహ్నానికి కబురొచ్చింది. తాళాలు తెమ్మన్నారు. కాళ్ళావేళ్ళా పడితే, నీతో నాకు మాటలొద్దు, సాయంత్రం మీ ఇంట్లో పెద్దవాళ్ళెవరినైనా తీసుకురా అన్నారు.

ఇంటికి పరిగెత్తాను. మగవాళ్ళు మాట్లాడాల్సిన చోటికి నేనెందుకు అంది అమ్మ. ఇంకెవరున్నారే అన్నాను. అమ్మ వసారా వైపు చూసింది. అక్కడ పండు బాబాయ్ గారు ముఖం గంటు పెట్టుకుని కూర్చున్నారు. ముందు రోజు నలుగురు స్నేహితుల ముందూ బాతులు చూసిన మనిషి కదా! సంగతంతా విని నిట్టూర్చారు.

"చూసేరా వదిన గారూ, వీడు చేసిన పనికి నేను తల దించుకోవాలి. సరే, పదరా."

అమ్మ బీరువాలోంచి మా నాన్నగారి కండువా తీసి, ఆయన భుజాన వేసింది. నిక్కరు మీద.

మేడెక్కాం. టీచర్ గారు నా వెనక ఎవరైనా వస్తారేమోనని మెట్ల వైపు చూశారు. ఎవరూ రారని అర్థమయ్యాక, ఇతనేనా మీ పెద్ద అన్నారు. నాకు బాబాయి గారండీ అన్నాను. బాబాయ్ గారు చేతులు కట్టుకుని ఒకడుగు ముందుకేశారు.

"మావాడు చిన్నవాడండి టీచర్ గారూ. తెలీక చేసేడు. కొట్టు పోతే వాడి బతుకు కొబ్బరి పీచులో కలిసిపోద్దండి. ఈసారికి వదిలెయ్యండి, ఇక నుంచి వాణ్ణి నేను చూసుకుంటాను."

టీచర్ గారు చటుక్కున కిటికీ వైపు తిరిగిపోయారు. భుజాలు కదులుతున్నాయి. కోపంతో ఏడుస్తున్నారేమోనని నా ప్రాణం పోయింది. చాలాసేపటికి ఇటు తిరిగారు. కళ్ళు తుడుచుకుంటూ, పెద్దమనిషి మీరు చెప్పేరు కాబట్టి ఒప్పుకుంటున్నానండీ అన్నారు, ఆయనతో. ఆ సీడీలన్నీ ఈ రాత్రికే కట్టగట్టి విజయవాడ డీలరుకి పంపెయ్యాలన్నారు. అలాగే పెద్దమనిషి గారు సోమవారం నుంచి ఓ గంట ముందే ట్యూషన్‌కి రావాలన్నారు. ఇద్దరం ఒకేసారి తలూపాం.

కిందకొచ్చి బాబాయ్ గారు కుర్చీలో కూర్చున్నారు. నేను ఒక్కో సీడీ తీసి ఇస్తుంటే ఆయన అట్టపెట్టెలో సర్దారు. పాపం, ఒక్కదాన్నీ ఆశగా చూడలేదు. మాటిచ్చిన మనిషి. అన్నీ అయిపోయాక ఒక్కటి మాత్రం నా చేతిలో ఉండిపోయింది. మీతో దాపరికం ఎందుకు, కొట్టు కట్టేశాక నేనూ రోజూ ఆ గేము ఆడుతున్నాను. ఆ బ్రిడ్జి ఒక్కటీ దాటలేక ఆగిపోయాను. ఈ ఒక్కటీ ఉంచుకుంటానండీ బాబాయ్ గారూ, సగంలో ఉంది అన్నాను.

ఆయన కండువా సర్దుకుని చెయ్యి చాచారు.

"ఇలా ఇచ్చెయ్యరా సత్తీ. నీ వయసుకి ఇలాంటివి మంచివి కావు."

ఆయ్ అని ఇచ్చేశాను.