తొందరపడి చెప్పిన సాక్ష్యం

ప్రభువునందు ప్రియమైన సహోదరులారా, సహోదరీలారా, మీకందరికీ వందనాలు. నా బిడ్డ దగ్గుతుంటే నేను పగలబడి నవ్విన రోజులున్నాయి. నా సాక్ష్యం అక్కడి నుంచే మొదలుపెడతాను, ఎందుకంటే మంచి భాగం మాత్రమే చెప్పి కూర్చుంటే అది సాక్ష్యం కాదని నేను చాలా మూల్యం చెల్లించి నేర్చుకున్నాను.

నా పేరు ఏసుపాదం. మాది చిలకలూరిపేట అవతల మిరప పొలాల ఊరు. నేను మిరపకాయల ముఠాకు మేస్త్రిని. కల్లంలో కాయలు ఆరబెట్టించడం, రంగు పోయిన తాలు కాయలను ఆడవాళ్ళ చేత ఏరించడం, మంచి కాయను సంచుల్లో తొక్కించి లారీ ఎక్కించడం, ఇదీ నా పని. నలభై మందిని కేకేసి పనిచేయించే గొంతు నాది, ఆ గొంతుతోనే ప్రార్థన కూడా చేసేవాణ్ణి, మా సంఘంలో సాక్ష్యాలకు పిలిచినప్పుడల్లా మొట్టమొదట లేచేది కూడా నేనే! మీ కనిగిరి సంఘం వాళ్ళు నన్నెప్పుడూ చూడలేదు కాబట్టి ముందే చెబుతున్నాను, నాకు పొగరు ఎక్కువ, ఇప్పుడు కొంచెం తగ్గింది, పూర్తిగా పోయిందని మాత్రం నా భార్య రూతమ్మ ఒప్పుకోదు.

మాకు ఇద్దరు ఆడపిల్లలు. పెద్దది ఎస్తేరు. ఆ ఏడాది డిగ్రీ ఆఖరి సంవత్సరంలో ఉంది, మా ఇంటి పేరు మీద కాలేజీ గడప తొక్కిన మొదటి మనిషి అదే, దాని పుస్తకాల సంచి మోస్తూ బస్సు దాకా వెళ్ళడమంటే నాకు ఎంత గర్వమో చెప్పలేను! సెలవు రోజుల్లో తల్లితో పాటు కల్లానికి వచ్చి తాలు ఏరేది. ఆ మార్చి నెలలో దానికి దగ్గు పట్టుకుంది. సహోదరులారా, మిరప కల్లంలో దగ్గు అంటే ఎవరు పట్టించుకుంటారు? కొత్తగా వచ్చిన వాళ్ళందరూ ఘాటుకు వారం రోజులు దగ్గుతారు, ఆ తర్వాత అలవాటు పడతారు. నేను ముఠా అందరి ముందూ నవ్వి, "మేస్త్రి కూతురివయ్యుండి ఘాటుకు ఓర్చుకోలేకపోతే ఎట్టాగే, మన పరువు తీస్తున్నావ్!" అన్నాను. అది కూడా నవ్వింది, నవ్వుతూ మళ్ళీ దగ్గింది.

తర్వాత ఒళ్ళంతా దురద మొదలైంది. మిరపకాయ పట్టిన చేతులకు మంట, దురద మామూలే కదా అని రూతమ్మ మజ్జిగ రాసింది. పొద్దున లేచేసరికి దిండు చెమటతో తడిసిపోయేది, ఎండాకాలం అనుకున్నాం. చిక్కిపోతుంటే పరీక్షల చదువనుకున్నాం. బిడ్డ ఒంట్లో నుంచి దేవుడు ఒక్కొక్క గుర్తూ బయటికి చూపిస్తుంటే మేము ప్రతి గుర్తుకూ మా పనిలోనే ఒక కారణం వెతికి దాన్ని మూసేశాం! కాయల పని అయిపోయి కల్లం ఊడ్చేసి రెండు నెలలైనా దగ్గు తగ్గలేదు. అప్పుడైనా నాకు బుద్ధి రాలేదు.

ఒకరోజు ఎస్తేరుకు జడ వేస్తుండగా రూతమ్మ చేతికి మెడ పక్కన గడ్డ తగిలింది, నిమ్మకాయంత ఉంది. జడ సగంలో వదిలేసి నా దగ్గరికి పరుగెత్తుకొచ్చింది. గుంటూరు తీసుకెళ్ళాం. డాక్టరమ్మ ఆ గడ్డలో చిన్న ముక్క తీసి పరీక్షకు పంపింది. ఆ రిపోర్టు వచ్చిన రోజు ఆమె మమ్మల్ని కూర్చోబెట్టి, అది ఒంట్లోని లింఫు గ్రంథులకు వచ్చే క్యాన్సరని, ఛాతీలో కూడా గడ్డ ఉండబట్టే దగ్గు వస్తోందని నెమ్మదిగా చెప్పింది. నలభై మందిని కేకేసే నేను ఆ గదిలో గోడ మీది క్యాలెండరు చూస్తూ కూర్చున్నాను. మా అమ్మాయే అడిగింది, "తగ్గుద్దా మేడమ్?" అని. డాక్టరమ్మ, "తగ్గే జబ్బే అమ్మా, కానీ పదిహేను రోజులకోసారి, పన్నెండు సార్లు మందు ఎక్కించుకోవాలి, ఒక్కటి కూడా మానకూడదు" అంది.

అక్కడి నుంచి బుధవారాలు మొదలయ్యాయి. తెల్లవారగానే బస్సు, ఆసుపత్రిలో సెలైన్, అందులో ఒక ఎర్రటి మందు, పండు మిరపకాయ నానబెట్టిన నీళ్ళలా ఉండేది, అది నరంలోకి పోతుంటే నా బిడ్డ కళ్ళు మూసుకుని పెదాలు కదిలించేది. ఇంటికొచ్చాక వాంతులు. దువ్వెన నిండా జుట్టు. మా పాస్టరు గారు శుక్రవారం ఉపవాస ప్రార్థన పెట్టారు. ముఠాలో ఆడవాళ్ళు ఖాళీ కల్లంలోనే చేరి మోకరించి ఏడ్చారు. నాలుగోసారి మందు ఎక్కేసరికి ఏమైందో తెలుసా! మెడ మీద గడ్డ లేదు! దగ్గు లేదు! దురద లేదు! రూతమ్మ తడిమి చూసింది, నేను తడిమి చూశాను, దాని చెల్లెలు తడిమి చూసింది. మా ఇల్లంతా ఒకటే ఏడుపు, ఒకటే స్తుతి!

సరిగ్గా ఆ వారమే మా సంఘంలో కోత పండుగ వచ్చింది. పొలంలో మొదట పండిందేదో గుడికి తెచ్చి దేవుని ముందు పెట్టే ఆ పండుగ మీకూ ఉంది కదా. మా గుడి ముందు గుమ్మడికాయలు, వడ్ల కంకులు, పత్తి, కోళ్ళు, అరటి గెలలు, చుట్టుపక్కల మూడూళ్ళ సంఘాల వాళ్ళు, పందిరి కింద మైకు. పాస్టరు గారు, "సాక్ష్యాలున్న వాళ్ళు లేవండి" అనడమే ఆలస్యం, నేను లేచాను. బిడ్డ దగ్గు దగ్గర మొదలుపెట్టి గడ్డ కరగడం దాకా చెప్పాను, అందరూ ఏడుస్తున్నారు, చప్పట్లు కొడుతున్నారు, "హల్లెలూయ" అంటున్నారు, ఆ చప్పట్లు నా తలకెక్కాయి సహోదరులారా! చేయి పైకెత్తి, "నా బిడ్డకు క్యాన్సర్ లేదు! ప్రభువు ముట్టాడు! ఇక సూదితో పనిలేదు, మందుతో పనిలేదు!" అని అరిచాను. ఆ ఆఖరి మాట నాకు దేవుడు చెప్పలేదు, డాక్టరు చెప్పలేదు. చప్పట్ల కోసం నా నోట్లోంచి వచ్చింది.

అయిదో మందు ఎక్కించుకోవాల్సిన బుధవారం తెల్లవారింది. ఎస్తేరు సంచి సర్దుకుని గుమ్మంలో నిలబడింది. నేను చెప్పులు వేసుకోలేదు. మూడూళ్ళ వాళ్ళు విన్నారు కదా, ఇప్పుడు బస్టాండులో ఆసుపత్రి సంచితో కనబడితే ఏమనుకుంటారు, ఏసుపాదం దేవుడి పేరున అబద్ధం చెప్పాడనరా, దేవుడికే అవమానం కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. "వెళ్ళక్కర్లేదమ్మా, విశ్వసించు" అన్నాను. రూతమ్మ చేటలో బియ్యం అక్కడే పడేసి లేచింది. "ఏమయ్యా, మందు మానమని దేవుడు నీతో చెప్పాడా, నువ్వే చెప్పుకున్నావా?" అంది. "నీకు విశ్వాసం లేదు" అని దాని మీద అరిచాను. ఎవరి మీద అరవాలో తెలియనప్పుడు మగవాళ్ళం భార్య మీదే అరుస్తాం. ఆ బుధవారం పోయింది. పదిహేను రోజులకు ఆరో మందు బుధవారమూ పోయింది. నా బిడ్డ నాతో వాదించలేదు, మాట్లాడడం మాత్రం తగ్గించింది, నేను అది విధేయత అనుకుని లోలోపల సంతోషపడ్డాను కూడా!

ఆ ఆదివారం ఆరాధనలో పాస్టరు గారు మామూలుగానే సాక్ష్యాలకు పిలిచారు. ఆడవాళ్ళ వైపు నుంచి ఎస్తేరు లేచింది. జుట్టు ఊడిన తల కనబడకుండా చున్నీ తల నిండా కప్పుకుని ఉంది. సహోదరులారా, అది గుడిలో పాట పాడడమే తప్ప ఒక్కనాడూ నోరు విప్పి మాట్లాడిన పిల్ల కాదు. నన్ను పొగుడుతుందనుకున్నాను, నిజం చెబుతున్నాను, అలాగే అనుకుని కొంచెం నిటారుగా కూర్చున్నాను!

"మా నాన్న చెప్పిన సాక్ష్యం ఇంకా పూర్తి కాలేదండి" అంది. "గడ్డ కరిగించింది దేవుడే. ఆ మందు ఇచ్చింది కూడా దేవుడే అని నేను నమ్ముతున్నాను. నాలుగుసార్లు ఎక్కించారు, ఇంకా ఎనిమిదిసార్లు ఉంది, రెండు బుధవారాలు ఇప్పటికే పోగొట్టుకున్నాను. మా నాన్న మీ అందరి ముందూ మాట ఇచ్చేశాడు, ఆయన నాతో రాలేడు. నాకు బతకాలని ఉందండి. ఎనిమిది బుధవారాలు నాతో బస్సులో ఎవరొస్తారు?"

మొదట లేచింది మా ముఠాలో తాలు ఏరే సారమ్మ, అరవై ఏళ్ళ విధవరాలు. "నేనొస్తానే తల్లీ, గుంటూరు ఎటుందో నాకు తెలవదు, నువ్వే తీసకబోవాల!" అంది. ఆ వెనక రూతమ్మ లేచింది. ఆ వెనక ఇంకో నలుగురు ఆడవాళ్ళు లేచారు. మగవాళ్ళ వైపు ఒక్కడూ లేవలేదు, అందరూ నా మొహం చూస్తున్నారు, మేస్త్రి లేవకుండా మేమెట్లా లేస్తాం అన్నట్టు. మిరప బస్తా భుజాన పెట్టుకుని లేచినప్పుడు కూడా నేను అంత కష్టపడలేదు. లేచాను. "నేనొస్తానమ్మా. నాది తప్పు. అందరి ముందూ చెప్పాను కాబట్టి అందరి ముందే ఒప్పుకుంటున్నాను" అన్నాను. పాస్టరు గారు దిగి వచ్చి నా భుజం మీద చేయి వేశారు.

మర్నాడే గుంటూరు వెళ్ళాం, బుధవారం దాకా ఆగలేదు. డాక్టరమ్మ, "ఇన్ని వారాలు ఎక్కడికి పోయారు?" అని గట్టిగా అడిగింది. "నా పరువు కోసం ఆగామమ్మా" అన్నాను. ఆమె బిడ్డ మెడ తడిమి చూసింది, చూసిన చోటే మళ్ళీ మళ్ళీ చూసింది, ఆమె వేలి కింద బఠాణీ గింజంత గడ్డ మళ్ళీ తగిలింది! మందు వెంటనే మొదలుపెడదాం, ఫలితం ఎలా ఉంటుందో ఇప్పుడే చెప్పలేను అంది. నేను వరండాలోకి వచ్చి మంచినీళ్ళ కుళాయి పక్కన నిలబడ్డాను. జీవితంలో మొదటిసారి పెదవి దాటని ప్రార్థన చేశాను. "ప్రభువా, నేను నీ పేరు చెప్పి నా పేరు పెంచుకున్నాను. నా పేరు మట్టిలో కలిపెయ్, నేను ఏమీ అనను. రూతమ్మకు మాత్రం కడుపుకోత పెట్టొద్దు. నా నోటి పాపం నా బిడ్డ మీద పెట్టొద్దు తండ్రీ." అంతే. ఏ దర్శనమూ రాలేదు, ఏ స్వరమూ వినబడలేదు. లోపలికి వెళ్ళి బిడ్డ మంచం పక్కన కూర్చున్నాను. అది సూది లేని చేత్తో నా చేయి పట్టుకుంది.

ఇక ఆ ఎనిమిది సార్లూ నేను వెళ్ళాను, నాతో పాటు ప్రతిసారీ సంఘంలో నుంచి ఒకరు వచ్చారు. పని రోజు పోగొట్టుకుని వచ్చారు సహోదరులారా, వాళ్ళు రెక్కాడితేనే పొయ్యి వెలిగే వాళ్ళు! సారమ్మ మూడుసార్లు వచ్చి చివరికి గుంటూరు బస్టాండులో నాకే దారి చెప్పింది. బస్సులో తెలిసినవాళ్ళు కనబడి, "ఏం మేస్త్రీ, తగ్గిందన్నావుగా!" అంటే, "తగ్గిస్తున్నాడు, ఇంకా పని అయిపోలేదు" అని జవాబు చెప్పడం నేర్చుకున్నాను. మొదటిసారి ఆ మాట అనడానికి నోరు రాలేదు. అయిదోసారికి హాయిగా అన్నాను.

పన్నెండో మందు అయ్యాక పరీక్షలన్నీ చేసి, గడ్డ ఎక్కడా లేదని డాక్టరమ్మ చెప్పింది. ఈసారి నేను అరవలేదు, "మళ్ళీ ఎప్పుడు రావాలమ్మా?" అని అడిగాను! మూడు నెలలకు రమ్మంది, ఆరు నెలలకు రమ్మంది, ఇప్పుడు అయిదేళ్ళు దాటింది, ఏడాదికొకసారి కనబడితే చాలంది. దేవునికి స్తోత్రం! ఎస్తేరు ఆగిపోయిన పరీక్షలు రాసింది, టీచరు ట్రైనింగు చేసింది, ఇప్పుడు పిడుగురాళ్ల దగ్గర పిల్లలకు పాఠాలు చెబుతోంది. అక్కడ సున్నం బట్టీలు ఎక్కువ. పిల్ల నెల రోజులు దగ్గుతుంటే తల్లులు బట్టీ దుమ్ము అంటారట, మా అమ్మాయి మాత్రం ఊరుకోదు, తనే వెంటబెట్టుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళి చూపించాకే దుమ్మని ఒప్పుకుంటుందట! నాకు గర్వంగా ఉంది సహోదరులారా. ఈ గర్వం పాపమని ఎవరన్నా అంటే ఆ ఒక్క పాపానికి నేను మారుమనస్సు పొందలేను. తండ్రిని అవమానించకుండా, దేవుణ్ణి తక్కువ చేయకుండా, తన ప్రాణం కోసం తానే లేచి అడిగిన బిడ్డను నాకిచ్చాడు నా దేవుడు!

ఇక్కడికి రమ్మని మీ పాస్టరు గారు పిలిచినప్పుడు, నువ్వే వచ్చి చెప్పమ్మా అన్నాను దానితో. "బడి ఉంది నాన్నా, నువ్వే చెప్పు, ఈసారి ఏదీ దాచకు" అంది. దాచలేదు. ఇంతవరకు మమ్మల్ని నడిపించిన దేవునికే మహిమ.

ఒక్కమాట చెప్పి కూర్చుంటాను. ఈ పందిరి కింద ఇంతమంది ఉన్నారు, వీళ్ళలో ఎవరో ఒకరి ఇంట్లో ఎవరికీ చెప్పని జబ్బు ఒకటి ఉంది, సంఘానికి తెలిస్తే ఏమనుకుంటారో, విశ్వాసం లేదంటారో, పిల్లకు సంబంధాలు రావంటారో అని దాచుకుని కూర్చున్నారు, నాకు తెలుసు, ఎందుకంటే ఆ రెండు బుధవారాలు నేనూ అలాగే కూర్చున్నాను. ప్రభువును నమ్మండి. నమ్మి ప్రార్థన చేయండి, ప్రార్థన చేస్తూనే బస్సెక్కండి, ఆయన గుడిలో ఎంత ఉంటాడో ఆసుపత్రి వరండాలోనూ అంతే ఉంటాడు, నేను చూసి వచ్చాను. ఆరాధన అయ్యాక నేను వెంటనే వెళ్ళను, అదిగో, ఆ గేటు పక్క బల్ల మీద కూర్చుంటాను. ఒక్కరే రండి, నా చెవిలో చెప్పండి. మీతో గుంటూరు దాకా వస్తాను. మీరు చెప్పింది మాత్రం, దేవుని ముందు మాట ఇస్తున్నాను, ఏ మైకులోనూ చెప్పను.