ఇటలీ యెషయా ఒక్క గుక్క

బన్సీలాల్‌పేటలో అందరూ తాగేవాళ్ళు. యెషయా ఒక్కడే రుచి చూసేవాడు.

నీళ్ళైనా, మజ్జిగైనా, జంగయ్య కల్లైనా ఆయన దగ్గర అన్నిటికీ ఒకటే మర్యాద. సైన్యం నుంచి వెంట తెచ్చుకున్న ఎనామిల్ మగ్గులో సరిగ్గా ఒక గుక్క పోయించుకునేవాడు. మగ్గును మూడుసార్లు గుండ్రంగా తిప్పి, అందులో ముక్కు పెట్టి కళ్ళు మూసుకునేవాడు. తర్వాత ఆ గుక్కను ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి పంపి ఆకాశం వైపు చూసేవాడు. అప్పుడు వెలువడేది తీర్పు. ఈలోగా పోసినవాళ్ళు లోపలికి వెళ్ళి పోపు పెట్టుకుని రావచ్చు.

ఈ విద్య ఆయనకు ఇటలీలో అబ్బింది. రెండో ప్రపంచ యుద్ధంలో పటాలానికి స్టోర్ కీపరుగా వెళ్ళి, తుపాకీ పేల్చిన కథ ఒక్కటి కూడా లేకుండా తిరిగొచ్చిన మహావీరుడు. ఆయన చెప్పే ఇటలీలో యుద్ధం దాదాపు జరగలేదు. కొండవాలు మీద చిన్న చిన్న ద్రాక్షతోటలు, తోటకో కుటుంబం, ఇంటికింద నేలమాళిగ, అందులో తాతల నాటి పీపాలు. అంతే.

"మనకి ఆవకాయ ఎట్లాగో వాళ్ళకి వైన్ అట్లాగమ్మా. ఏ ఇంటిది ఆ ఇంటిదే," అనేవాడు. "ఎండ తగిలే వాలుదైతే మేలురకం, పల్లపు పొలందైతే నాసిరకం, ఏ ఏటి పంటో నాలుకకే తెలుస్తుంది. ముసలావిడ కూజాతో తెచ్చి పోసి, మన మొహంలోకే చూస్తూ నిలబడుతుంది. బాగాలేదని అన్నామా, అయిపోయాం."

"అన్నవా ఎప్పుడన్నా?" అని అడిగింది శారదమ్మ. ఆవిడకు రెండు బర్రెలు, లెక్కలేనంత ఓపిక.

"అక్కడ ఆ అవసరం రాలేదు. ఇక్కడే వస్తోంది." ఆవిడ పోసిన మజ్జిగను బుగ్గలు మార్చి మింగాడు. "ఇది పల్లపు పొలం సరుకు. వాలు లేదు."

"బర్రెకు వాలెందుకన్నా?"

యెషయా జాలిగా నవ్వి పక్కింటికి కదిలాడు.

ఆ పక్కిల్లు సలోమిది. మిషన్ బడిలో టీచరు. ఎదురింట్లో ఉండే యెషయా అరుగు మీద నుంచి వినిపించే ఈ ఇటలీ పాఠం ఆమెకు రెండేళ్ళలో కంఠతా వచ్చేసింది. ఎక్కాలు చెప్తూ మధ్యలో ఒకసారి "పల్లపు పొలం" అని కూడా అనేసింది. ఆ పాపం యెషయాదేనని ఆమె గట్టి నమ్మకం.

పందొమ్మిది వందల నలభై ఎనిమిది వేసవి దాటేసరికి నిజాం సంస్థానం చుట్టూ దారులు బిగుసుకున్నాయి. ఉప్పు రాదు, కిరసనాయిలు రాదు. రైల్వే గార్డు జీవరాజు, అంటే సలోమి భర్త, బండి తీసుకుని బెజవాడ వెళ్ళి అక్కడే చిక్కుపడిపోయాడు. బడి మూశారు, జీతం లేదు. ఇద్దరు ఆడపిల్లలు, ఒక జొన్నల డబ్బా. రోజూ ఆ డబ్బా అడుగు ఇంకొంచెం పైకి వస్తున్నట్టు ఉండేది. సలోమికి ఆకలి కన్నా పెద్ద భయం ఒకటుంది. తమ ఇంట్లో పొయ్యి సరిగా వెలగడం లేదని వాడలో తెలియకూడదు. అందుకే ఖాళీ గిన్నెలను కూడా చప్పుడయ్యేలా తోమేది.

ఊరంతా తలుపులు వేసుకుని కూర్చున్న ఆ రోజుల్లోనే మన యెషయాకు తోటల పర్యటన మరీ ముదిరింది. పొద్దున పదయ్యేసరికి మగ్గుతో బయలుదేరేవాడు. ఒక్క ఇల్లూ వదలకుండా రుచి చూసేవాడు. వీధి చివర రజాకార్లు లారీలో తిరుగుతుంటే, ఈయన ఇటు అరుగు మీద నిలబడి ముక్కు మగ్గులో పెట్టి ఉండేవాడు.

తీర్పులు కూడా తలకిందులయ్యాయి. కంట్రాక్టరు జకర్యా భార్య మేబెల్ గాజు గ్లాసులో షర్బత్ ఇచ్చింది.

"పల్లపు పొలం," అన్నాడు.

"కేసర్ సుత ఏసిన గదన్నా!"

"అందుకే తెలిసిపోతోంది."

నాలుగిళ్ళ అవతల, వీధులూడ్చే బాలమ్మ ఇంటి గంజి తాగి మాత్రం ఎగిరి గంతేశాడు. "ఎండవాలు! పందొమ్మిది వందల ముప్పై ఏడు!" అని వాడంతా వినిపించేలా అరిచాడు. మేబెల్ మూడు రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

ఒకరోజు మగ్గు సలోమి గడప ముందు ఆగింది.

"లోపల పనుందన్నా, రేపు రా."

"ఒక్క గుక్కేనమ్మా టీచరమ్మా."

అటు శారదమ్మ, ఇటు మేబెల్ చూస్తున్నారు. లేదంటే అనుమానం, పోస్తే పరువు పోతుంది. లోపల ఉన్నది పిడికెడు జొన్నపిండి కలిపిన వేడినీళ్ళు. దాన్ని గంజి అనడానికి కూడా ధైర్యం కావాలి. సలోమి గిన్నెను పైట చాటున తెచ్చి పోసింది. ఈ మనిషి నోరు తెరిస్తే వాడంతా వింటుంది. వినాల్సినదంతా ఆ మగ్గులోనే ఉంది.

యెషయా తిప్పాడు. వాసన చూశాడు. గుక్కను ఎంతసేపు నోట్లో ఉంచుకున్నాడంటే మేబెల్ కూడా ఊపిరి బిగబట్టింది.

"ఎండవాలు!" అన్నాడు చివరికి. "ముప్పై ఏడు కూడా దీని ముందు దిగదుడుపే!"

వెక్కిరిస్తున్నాడనుకుంది సలోమి. ఒళ్ళు మండిపోయింది.

"ఇంత గొప్ప సరుకు రుచి చూసినవాడు ఆ ఇంటి గడపలో బుట్ట పెట్టి పోవాలి. ఇటలీ ఆచారం. కాదంటే ఆ ఇంటివాళ్ళ తోటకు తెగులు పడుతుంది."

"మాకు తోటెక్కడిదన్నా?"

"ఆచారానికి అవన్నీ పట్టవమ్మా."

మధ్యాహ్నానికి బుట్ట వచ్చింది. జొన్నలు, బెల్లం, కాగితంలో కట్టిన ఉప్పు. దానమైతే సలోమి వీధిలోకి విసిరికొట్టేదే. బహుమానాన్ని ఎట్లా కొడతారు? పైగా మేబెల్ వచ్చి కూర్చుంది.

"టీచరమ్మా, గంజిల ఏమేస్తున్నవో జెర చెప్పరాదూ?"

సలోమికి నెలరోజుల తర్వాత నవ్వొచ్చింది. "చేతి మహిమ మేబెలక్కా," అంది.

ఆ నెలలో యెషయా బెల్టు రెండు రంధ్రాలు లోపలికి జరిగింది. "బరువుంటే నాలుక మొద్దుబారుతుంది," అని సెలవిచ్చాడు. పెళ్ళీ పెటాకులూ లేని మనిషి, అడిగేవాళ్ళు లేరు.

సెప్టెంబరులో పోలీసు చర్య మొదలై అయిదు రోజుల్లో ముగిసింది. భారత సైన్యం ఊళ్ళోకి వచ్చింది. ఆ మర్నాడు సదాశివ అనే సైనిక డ్రైవరు లారీ ఆపి, స్టోర్ కీపర్ యెషయా ఇల్లెక్కడని సలోమిని అడిగాడు.

"ఇటలీలో మేమిద్దరం ఒకే పటాలమండీ. ఇంకా రుచి చూస్తున్నాడా?"

"చూస్తున్నరు. వైన్ బాగా తాగినట్టున్నరు అక్కడ."

"ఆయనా?" సదాశివ పగలబడి నవ్వాడు. "ఒక్క చుక్క మింగలేదండీ! గోడ పక్కకు పోయి ఉమ్మేసేవాడు. తాగనని వాళ్ళమ్మకు మాటిచ్చి వచ్చాడట. అక్కడ ఆ తోటలవాళ్ళని యుద్ధం ఊడ్చేసిందండీ. పీపాలో వైన్ తప్ప ఇంట్లో రొట్టెముక్క లేదు. ఊరికే పెడితే తీసుకోరు, రోషం. ఈయన వెళ్ళి ఒక గుక్క అడిగి, ఆహా అని, మా రేషను డబ్బాలు గడపలో పెట్టి వచ్చేవాడు. కెప్టెన్ దగ్గర నాలుగుసార్లు తిట్లు తిన్నాడు."

"మరి బుట్ట పెట్టుడు ఇటలీ ఆచారమేనా?"

"ఇటలీదా? అక్కడివాళ్ళకి మా ఇండియా ఆచారమని చెప్పాడండీ!"

సలోమి అతనికి ఎదురిల్లు చూపించింది. వాడలో ఎవరెవరు ఎండవాలో, ఎవరెవరు పల్లపు పొలమో ఒక్కొక్కరే గుర్తొచ్చారు. గొప్పలూ బుట్టలూ ఖాళీ గిన్నెలకే దక్కాయి. నిండిన ఇళ్ళు తిట్లు తిన్నాయి. ఇన్నాళ్ళూ ఈ మనిషిని మనసులో ఎన్నెన్ని అన్నదో తలుచుకుంటే ఆమెకు సిగ్గేసింది.

రైళ్ళు మళ్ళీ కదిలాయి. జీవరాజు బెజవాడ నుంచి బియ్యం బస్తాతో దిగాడు. సలోమి ఒక బుట్ట నింపుకుని ఎదురింటికి వెళ్ళింది. యెషయా పొయ్యి దగ్గర టీ కాస్తున్నాడు.

"ఒక్క గుక్క పోయన్నా."

"వద్దమ్మా, ఇది తాగదగ్గది కాదు."

ఆమె మగ్గు లాక్కుని తానే పోసుకుంది. టీ ఆకు ఆ నీళ్ళను దూరం నుంచి పలకరించి పోయినట్టుంది. పాలు లేవు, బెల్లం లేదు. సలోమి మూడుసార్లు తిప్పింది. ముక్కు పెట్టింది. బుగ్గలు మార్చి ఇంటికప్పు వైపు చూసింది.

"ఎండవాలు!" అంది. "ముప్పై ఏడు!"

బుట్ట గడపలో పెట్టింది.

యెషయా బుట్ట వైపు చూశాడు. "ఇదెక్కడి ఆచారం టీచరమ్మా?"

"ఇటలీల అడిగితే ఇండియాది అంటరంట. ఇండియాల అడిగితే ఇటలీది అంటరంట. నువ్వే చెప్పాలన్నా."

దొరికిపోయిన మనిషి ఏం చేస్తాడు? వంగి, బుట్టలోంచి నాలుగు గింజలు తీసి నోట్లో వేసుకున్నాడు. ఈ బుగ్గలోంచి ఆ బుగ్గలోకి పంపాడు. గడప అవతలి ఆకాశం వైపు చూశాడు.

"పల్లపు పొలం," అన్నాడు. "వాలు లేదు."

"వరికి వాలెందుకన్నా?" అంది సలోమి. తన ఇంటికి తిట్టు పడినందుకు ఆమె అంత సంతోషించడం అదే మొదటిసారి.