మొహం చూసి చెప్పమన్న కోచ్

మా అమ్మాయి చదివిన కమ్యూనిటీ కాలేజీలో వాలీబాల్ కోచ్‌కి ఒక అలవాటుండేది. ఎవరినైనా జట్టులోంచి తప్పించాల్సివస్తే ఆవిడ వాళ్ళ ఎదురుగా కూర్చుని, మొహంలోకి చూస్తూ చెప్పేది.

ఆ ఏడాది నిధుల్లేవని కాలేజీ అమ్మాయిల వాలీబాల్ జట్టును ఎత్తేసింది. మా అమ్మాయితో సహా జట్టులోని పిల్లలకు ఒక ఈమెయిల్ పడేసింది. అబ్బాయిల బాస్కెట్‌బాల్‌కి మాత్రం కొత్త స్కోర్‌బోర్డు పెట్టారు.

కాలేజీ బోర్డు మీటింగ్‌కి పిల్లలతోపాటు తల్లిదండ్రులమూ వెళ్ళాం. అక్కడ కోచ్ లేచింది. "పిల్లలు ఇక్కడే ఉన్నారు. వాళ్ళ మొహం చూసి చెప్పండి," అంది కాలేజీ ప్రెసిడెంట్‌తో.

ఆయన తలెత్తలేదు. "నెక్స్ట్ ఐటమ్," అన్నాడు.

ఒళ్ళు మండి నేనూ లేచాను.

"డాడీ, ప్లీజ్! కోచ్‌ని మాట్లాడనీ," అంది మా అమ్మాయి.

ప్రెసిడెంట్ కోచ్ మైకు కట్టేయించాడు. అయినా ఆవిడ కూర్చోలేదు.

జట్టుతోపాటు ఆవిడ ఉద్యోగమూ పోయిందని తర్వాత తెలిసింది. ఆ సాయంత్రం మీటింగ్‌లో ఆ మాటే ఎత్తలేదావిడ.