మూడో కౌంటరు అద్దం

ఆదివారం ఉదయం ఎనిమిదింపావుకి, పిట్ట మనిషి లేని ఆసుపత్రి హాల్లో, వచ్చినవాళ్లకి ఏ డాక్టరు ఎక్కడో చెప్పే మూడో కౌంటరావిడ తన కౌంటరుకి బయటివైపు వచ్చి నిలబడింది. ఇరవై రెండేళ్ల ఉద్యోగంలో అటువైపు నిలబడటం అదే మొదలు. నిలబడగానే తెలిసొచ్చిందేమిటంటే, మాట్లాడటానికని అద్దంలో వేసిన చిల్లులు మనిషి నోటికి జానెడు కిందుగా ఉన్నాయి. ఇన్నేళ్లూ జనం తనముందు వంగి మాట్లాడుతుంటే అదంతా తనమీద గౌరవమనుకుంది పాపం.

అద్దం అని అందరూ అంటారు గానీ అది గాజు కాదు, అక్రిలిక్ షీటు. కొత్తలో ఉందో లేదో తెలిసేది కాదు. ఒకాయన చూసుకోకుండా తల లోపలికి పెట్టబోయి నుదుటిమీద బొప్పి కట్టించుకున్నాడు కూడా. ఇప్పుడా ప్రమాదం లేదు. ఉంగరాలు, తాళంచెవులు, ఫైళ్ల అంచులు తగిలి తగిలి, మనిషి వంగితే సరిగ్గా మూతి వచ్చేచోట గీతలమీద గీతలు. దానికితోడు చిల్లుల చుట్టూ సాలెగూడు కట్టినట్టు సన్నటి నెర్రెలు. అవతలి మనిషి నుదురు కనపడుతుంది, కళ్లు కనపడతాయి, మూతి మాత్రం మసక.

ఇంకొకరికైతే ఇదొక సమస్యే కాదు. నాలుగో కౌంటరాయన అద్దం ఇంతకన్నా అధ్వానం. ఆయన దాన్ని పట్టించుకోడు. ఆ మాటకొస్తే ఎదురుగా నిలబడ్డ మనుషుల్నీ పట్టించుకోడు. ఈవిడకి మాత్రం మూతే కావాలి. ఎందుకంటే రెండేళ్లుగా ఆవిడ వింటున్నది చెవులతో కాదు, కళ్లతో.

ఎవరూ నేర్పలేదు. చెవులు ఒక్కో మెట్టూ దిగుతుంటే కళ్లు ఒక్కో మెట్టూ ఎక్కి ఆ పని అందుకున్నాయి. పెదాలు కదిలే తీరు చూసి ఎముకల డాక్టరు కావాలో, రక్తపరీక్ష కావాలో చెప్పేసేది. గుబురు మీసాలవాళ్లంటే హడల్. నములుతూ మాట్లాడేవాళ్లంటే ఏడుపొచ్చేది. అయినా నెట్టుకొచ్చింది. అద్దం మసకబారాకే అసలు చిక్కు వచ్చిపడింది. ఒక్క నెలలో మూడు ఫిర్యాదులు. మూడోదైతే మరీ అన్యాయం. మోకాళ్లు పట్టేసిన పెద్దాయన్ని మెట్లెక్కించి మూడో అంతస్తులో చర్మం డాక్టరు దగ్గరికి పంపింది. ఆయన ఒక్కో మెట్టూ దిగి మళ్లీ వచ్చి, అద్దంమీద అరచేత్తో కొట్టి ఏదో అన్నాడు. ఏమన్నాడో ఆవిడకి అర్థం కాలేదు. తిట్టుంటాడని మాత్రం కళ్లని బట్టి తెలిసింది.

శుక్రవారం సాయంత్రం సూపరింటెండెంటు పిలిచాడు. మంచివాడే, గొంతు పెంచే రకం కాదు. ఆవిడకి అదే పెద్ద ఇబ్బంది.

"సోమవారం పొద్దున్న నేనే వచ్చి మీ పక్కన కూర్చుంటానమ్మా. పొరపాటు ఎక్కడ జరుగుతోందో చూద్దాం. మీకు కష్టంగా ఉంటే చెప్పండి, కింద రికార్డు గదిలో ఒక కుర్చీ ఖాళీగా ఉంది."

రికార్డు గదంటే నేలమాళిగ. కిటికీ ఉండదు, మనిషి ఉండడు, దుమ్ముపట్టిన ఫైళ్లు తప్ప. నాలుగు మొహాలు చూడందే ఆవిడకి పొద్దు గడవదు. ఆ గదికి పంపితే ఆర్నెల్లలో తనూ ఒక ఫైలైపోతుందని ఆవిడ భయం.

మరి ఉన్నమాట చెప్పేస్తే పోయేదిగా? చెప్పలేదు. అక్కడ ఇంకో ముడి ఉంది. ఆవిడ అత్తగారికి చివరి పదేళ్లూ బ్రహ్మచెవుడు. ఆ పెద్దావిడ అడిగిందే అడగడం, తల ఓపక్కకి వంచి "ఆఁ?" అనడం, అంతా అచ్చుగుద్దినట్టు చేసి చూపించి ఇంటిల్లిపాదినీ నవ్వించింది ఈవిడే. చుట్టాలొస్తే, "ఏదీ, మీ అత్తగారిలా ఓసారి చెయ్యి" అని ముచ్చటపడి అడిగేవాళ్లు. చేసేది. అలాంటిది ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని "నాకూ వినపడటంలేదు" అంటుంది?

అందుకే శనివారం మరిది దుకాణానికి వెళ్లింది. ఆయన బోర్డులు చేస్తాడు. అక్రిలిక్ కోయడం, అతకడం, మెరుగుపెట్టడం ఆయనకి మంచినీళ్లు తాగినంత సులువు.

"ఏం మరిదిగారూ, షీటుమీద గీతలు పోవాలంటే ఏం చెయ్యాలి?"

ఆయన నోట్లో బ్రష్షు పెట్టుకునే ఏదో అన్నాడు.

"ముందు ఆ చీపురు తీసి మాట్లాడు!" అని కసిరింది వదిన.

"నీ కౌంటరు అద్దమేనా అంటున్నా. దేంతో తుడుస్తావు?"

"స్పిరిట్‌తో. రోజూ రెండు పూటలా, దూది పెట్టి. ఆసుపత్రి కదా మరి, శుభ్రంగా ఉండొద్దూ?"

ఆయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "గీతలు జనం గీశారు, సరే. ఆ సాలెగూడు మాత్రం నీ చేతి చలవే వదినా. అక్రిలిక్‌కి స్పిరిట్ పడదు. లోపల్లోపల నెర్రెలిచ్చేస్తుంది. సబ్బునీళ్లు, మెత్తటి గుడ్డ, అంతకుమించి ఏదీ తగలనివ్వకూడదు."

సరిగా కనపడకపోయేకొద్దీ ఇంకా గట్టిగా, ఇంకాస్త స్పిరిట్ పోసి తుడిచింది తనే.

"పోనీ నేనొచ్చి చేసిపెట్టనా?"

"వద్దొద్దు, బయటివాళ్లని రానివ్వరు," అంది గబుక్కున. దగ్గరుండి పనిచేస్తే తన గుట్టు పావుగంటలో పట్టేస్తాడని అసలు భయం.

ఆయన ఒక సంచి సర్దిచ్చాడు. నాలుగు రకాల గరుకు కాగితాలు, గరుకుదానితో మొదలుపెట్టి నున్నటిదానితో ముగించాలి. పాలిష్ పేస్టు, మెత్తటి గుడ్డలు. "తడిపి రుద్దాలి. గీత ఉన్నచోటే రుద్దావంటే అక్కడ గుంటపడి మనుషుల మొహాలు సొట్టలు తేలతాయి. చుట్టూ వెడల్పుగా రుద్దు. ఇంకోటి. మొదటి కాగితం పడగానే షీటంతా పెరుగులా తెల్లబడిపోతుంది. కొంప మునిగిందనిపిస్తుంది. అక్కడ భయపడి ఆపేసినవాళ్ల కొంపే మునుగుతుంది."

"ఈ జిగురు, సిరంజి ఎందుకు? చేత్తో తిప్పే ఈ డ్రిల్లేంటి?"

"పగిలితేనూ."

"నోరు మంచిదైతే సరి!" అంది వదిన.

ఆదివారం పదింటికల్లా షీటు రెండువైపులా నిజంగానే పెరుగైపోయింది. తెలిసి చేసినా ఆవిడకి కొంప మునిగిందనే అనిపించింది. నిన్నటిదాకా మూతి ఒక్కటే కనపడేది కాదు. ఇప్పుడు మనిషికి మనిషే మాయం. రేపీపాటికి సూపరింటెండెంటు పక్కన కూర్చుని ఉంటాడు, ఎదురుగా ఈ తెల్లగోడ!

వాచ్‌మన్ తాళాలగుత్తి ఊపుకుంటూ వచ్చి చుట్టూ తిరిగి ఎదురుగా నిలబడ్డాడు. "ఏంటి మేడమ్, సున్నం వేస్తున్నారా?"

"కాదయ్యా, అద్దం బాగుచేస్తున్నా."

"బాగుచేసినట్టు లేదే. నాలుగింటికి హాలు తాళం వేసెయ్యాలి, చూసుకోండి మరి."

ఆ మాటకి తొందర పుట్టింది. తొందరలో బలం పెరిగింది. రెండో కాగితం పట్టుకుని చిల్లుల పక్కన మోచేయి ఆనించి రుద్దుతుంటే, అటు వెళ్తున్న వాచ్‌మన్ ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. ఆయన మొహం చూశాకే ఆవిడకి తెలిసింది, ఏదో చప్పుడైందని. కిందికి చూసింది. చివరి చిల్లు దగ్గర మొదలై బెత్తెడు పొడవున పగులు. నిన్నటిదాకా స్పిరిట్ తాగిన చోటే.

గీతలున్న షీటుకి జనం కారణమని చెప్పొచ్చు. పగిలిన షీటుకి ఎవర్ని చూపిస్తుంది?

మరిదికి వీడియో కాల్ చేసింది. ఆ మందపాటి గోడల మధ్య బొమ్మ రాలేదు, చక్రం తిరుగుతూనే ఉంది. మామూలు కాల్ కలిసింది. చెవికి ఆనించుకుంటే లోపల తేనెటీగల రొద తప్ప ఇంకేం లేదు. "పగిలిందయ్యా, ఏం చెయ్యను?" అంది. రొద. "మళ్లీ చెప్పు." మళ్లీ రొద, ఈసారి కాస్త పొడుగ్గా. "ఇంకోసారి!" అంది, తల ఓపక్కకి వంచి.

వంచాక గుర్తుపట్టింది. ఆ వంపు ఎవరిదో ఆవిడకి బాగా తెలుసు. నలుగురిలో ఎన్నిసార్లు చేసి చూపించిందో!

పగులు ఎదురుగా ఉంది. వాచ్‌మన్ పక్కనే ఉన్నాడు. అవతల ఫోన్లో ఉన్నది ఆ అత్తగారి కొడుకు. చెప్పేసింది.

"అబ్బాయ్, నాకు వినపడదు. రెండేళ్లయింది. నువ్వేం చెప్పినా దండగే. రాసి పంపించు."

ఫోన్ పెట్టేశాడు. నిమిషం గడిచింది. అంత పొడుగు నిమిషాన్ని ఆవిడ ఇంతకుముందు ఎరగదు. తెర వెలిగింది.

"అమ్మ కూడా మొదట్లో చెప్పలేదు."

ఆ ఒక్క ముక్కే. ఆవిడ అక్కడే గచ్చుమీద కూలబడింది. ఏడుద్దామా అనుకునేలోపు రెండోది వచ్చింది. "రానా?"

"నువ్వొచ్చినా నీ మాట వినపడదుగా. రాయి," అని కొట్టింది.

"సరే. పగులు ఎక్కడ ఆగిందో చూడు. సరిగ్గా ఆ కొసమీద చిన్న బెజ్జం వెయ్యాలి. అలా వేస్తే అక్కడితో ఆగుతుంది. వెయ్యకపోతే రేపటికి పైదాకా పాకుతుంది. వెనక చెక్కముక్క పెట్టు. డ్రిల్లు నెమ్మదిగా తిప్పు, నొక్కకు. టిక్ మంటే ఆపెయ్." వెంటనే ఇంకోటి. "అయ్యో, వినపడదు కదా. ఎడమచెయ్యి షీటుమీద ఆనించి ఉంచు. అదిరితే వేలికి తెలుస్తుంది."

వాచ్‌మన్ లోపలికెళ్లి వెనకనుంచి చెక్క పట్టుకున్నాడు. ఎవరూ అడగలేదు. తెల్లటి షీటు వెనక ఆయన నీడలా ఉన్నాడు. ఆవిడ డ్రిల్లు మొన పగులు కొసమీద పెట్టి, ఎడమచేతి వేళ్లు పక్కనే పరిచి, పిడి తిప్పడం మొదలుపెట్టింది. సన్నటి తెల్లటి పొట్టు రాలుతోంది. సగంలో వేలికింద చీమ కుట్టినట్టు చిన్న అదురు. ఆపేసింది. ఊపిరి కూడా ఆపేసింది. పగులు కదల్లేదు. మళ్లీ తిప్పింది, ఇంకా నెమ్మదిగా. మొన అవతలికి దిగి చెక్కని తాకడం వేళ్లకే ముందు తెలిసింది.

తర్వాత సిరంజితో జిగురు. నీళ్లలా ఉంటుంది. పగులు అంచున చుక్క ఆనించగానే దానంతటదే లోపలికి పాకి, తెల్లగా మెరిసే గీత కాస్తా ఆ పొడవునా చల్లారిపోయింది. గంటసేపు ముట్టుకోకూడదని మరిది రాశాడు. ఆ గంటా ఆవిడ చేతులు ఒళ్లో కట్టుకుని పగులుకి కాపలా కూర్చుంది.

మిగతా కాగితాలు, రెండువైపులా. తర్వాత పేస్టు. మూడున్నరకి భుజాలు పడిపోతుండగా పెరుగు మజ్జిగైంది, మజ్జిగ నీళ్లైంది. లోపల తన కుర్చీలో దర్జాగా కూర్చున్న వాచ్‌మన్ కనపడ్డాడు. ఆయన గొంతు విప్పకుండా పెదాలు మాత్రం కదిపాడు.

"పంచదార తక్కువ వేయించు," అంది ఆవిడ.

ఆయన చిరునవ్వుతో టీ తేవడానికి లేచాడు.

సోమవారం సూపరింటెండెంటు స్టూలు వేసుకుని ఆవిడ పక్కన కూర్చున్నాడు, చేతిలో పుస్తకం, పెన్ను. పగులు వెంట్రుకంత గీతగా మిగిలింది, అంతే. మూతులు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నాయి. ఇరవైమంది వెళ్లారు, ఒక్క తప్పూ పోలేదు. మధ్యలో ఒక గుబురు మీసాలాయన వస్తే వీపున చెమట పట్టింది. ఆయనా గట్టెక్కాడు.

ఇరవై ఒకటో మనిషి ఒక నడివయసావిడ. దగ్గు. చున్నీని కళ్లకింది దాకా బిగించి చుట్టుకుంది. చున్నీ కదులుతోంది, మాట కనపడటంలేదు.

మరోసారి అడిగింది. చున్నీ మళ్లీ కదిలింది. పక్కన పెన్ను పుస్తకంమీద ఆగింది. దగ్గుతోంది కాబట్టి తొమ్మిదో గది, ఛాతీ డాక్టరు అని చెప్పేస్తే సరిపోతుంది. నూటికి తొంభైసార్లు అదే నిజమవుతుంది. తొమ్మిది అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది.

మింగేసింది.

"అమ్మా, ఒక్కసారి ఆ చున్నీ దించి చెప్పండి. నాకు చెవులు వినపడవు. పెదాలు చూస్తే అర్థమవుతుంది."

వరసలో గుసగుసలు ఆగిపోయాయని మొహాలే చెప్పాయి. ఆ మనిషి చున్నీ దించింది. "మా చెల్లెలికి పొద్దున్నే కాన్పయిందట. ఏ వార్డులో ఉంది?"

"రెండో అంతస్తు, ఎడమవైపు. ఆ దగ్గుతో పసిగుడ్డు దగ్గరికి వెళ్లకండి, గుమ్మంలోంచే చూడండి."

పక్కకి చూస్తే స్టూలు ఖాళీ. ఆవిడ ప్రాణం కిందికి, రికార్డు గది దాకా దిగిపోయింది. అంతలో సూపరింటెండెంటు బయటివైపు వచ్చి, జనాన్ని తప్పించుకుని, చిల్లుల దగ్గర వంగాడు.

"వరసలో రండి సార్!" అన్నాడు వెనకాయన.

సూపరింటెండెంటు ఆయనకి చెయ్యి ఊపి, ఆవిడ వైపు సూటిగా చూసి, నిదానంగా అడిగాడు. "ఎన్నాళ్లనుంచి?"

"రెండేళ్లు సార్."

"ఈ అద్దం?"

"నిన్నటినుంచి సార్." ఆవిడ బల్ల అంచు పట్టుకుంది. "నన్ను కిందికి పంపిస్తారా?"

ఆయన కాసేపు ఆలోచించాడు. ఆ పెదాలు కదలకుండా ఉన్నంతసేపూ ఆవిడ రెప్ప వెయ్యలేదు.

"ఆ గదికి చెవులు బాగున్నవాళ్లే కావాలమ్మా. ఫలానా ఫైలు పంపమని నేను పైనుంచి ఫోన్లోనే చెబుతాను. మీరు ఇక్కడే ఉండండి. మూతికి గుడ్డ కట్టుకున్నవాళ్లు తీసి మాట్లాడాలని ఒక బోర్డు పెట్టిద్దాం. మధ్యాహ్నం మాత్రం పద్నాలుగో గదికెళ్లి చెవులు చూపించుకోవాలి. దారి తెలుసా?"

"ఆవిడకే దారి చెబుతున్నారా సార్!" అన్నాడు వెనకాయన మళ్లీ.

మధ్యాహ్నం పద్నాలుగో గది ముందు బల్లమీద, చేతిలో పదిహేడో నంబరు చీటీతో ఆవిడ కూర్చుంది. నంబర్లు పిలిచే అమ్మాయి తలుపు సందులోంచి సగం మొహం పెట్టి పిలిచి లోపలికెళ్లిపోతోంది. పదిహేను అయిందో, ఇరవై అయిందో తెలియడంలేదు. ఇక మొహమాటపడి లాభంలేదని పక్కనున్న పెద్దావిడ వైపు తిరిగింది.

"నాకు వినపడదండీ. పదిహేడు అని పిలిస్తే కాస్త చెబుతారా?"

పెద్దావిడ ఎంతో ఆప్యాయంగా నవ్వి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, తల ఓపక్కకి వంచింది.

"ఆఁ?"