పీత నెత్తురులో బంతిపూల పుప్పొడి

తుమ్ములు నాకు పుట్టుకతో వచ్చాయి. మా నాయన పలమనేరు పక్కన బంతి, చామంతి పండిస్తాడు. పూలతోట పెట్టుకున్నవాడి కూతురికి పూలు పడవంటే ఊరంతా నవ్వేది. "పల్లెకారింట్లో పుట్టి సేపల వాసన పడదన్నట్లుండాదే నీ కథ" అని మా అవ్వ ఎగతాళి చేసేది. పూలు కోసే రోజుల్లో ముక్కుకు తువ్వాలు కట్టుకుని, తలుపులు బిగించుకుని ఇంట్లో కూర్చునేదాన్ని. కళ్లు మిరపకాయల్లా ఎర్రబడేవి.

ఆ తుమ్ములే నన్ను ఈ చదువులోకి లాగాయి. మన ఒంటికి కాపలా రెండు రకాలని ఎమ్మెస్సీలో చెప్పారు. ఒకటి కొత్తది. పాత శత్రువును గుర్తుపెట్టుకుని మళ్లీ కనబడితే కొడుతుంది. నా తుమ్ములు దాని చలవే. రెండోది చాలా పాతది. దానికి గుర్తులూ గిర్తులూ లేవు, పరాయిది కనబడితే చాలు మీద పడుతుంది. పీతలకూ రొయ్యలకూ ఉన్నది ఆ పాత కాపలా ఒక్కటే. మరి నన్ను ఇంత ఏడిపించే పుప్పొడి పీత నెత్తురులో పడితే ఏమవుతుంది? ఈ ప్రశ్న నాది. ఇంకెవరిదీ కాదు. ఇంత గట్టిగా ఎందుకు చెబుతున్నానో కాసేపట్లో మీకే తెలుస్తుంది.

తిరుపతికీ ఏర్పేడుకీ మధ్య ఒక ల్యాబులో పీహెచ్‌డీకి చేరాను. మండపీతల కోసం పులికాట్ ఒడ్డుకు నేనే వెళ్లేదాన్ని. "కూరకా పాపా?" అని అడిగేది అమ్మే ఆవిడ. "కాదక్కా, నెత్తురుకి" అంటే "ఓయమ్మో, నెత్తురుకా!" అని గుండెమీద చెయ్యి వేసుకునేది. డెక్కలు తాళ్లతో కట్టించి, తడి గోనెసంచిలో వేసుకుని బస్సెక్కితే, శ్రీ సిటీ ఫ్యాక్టరీల్లో పని దిగి వచ్చే ఆడపిల్లలు ముక్కులు మూసుకుని నాకు సీటంతా వదిలేసేవాళ్లు. వాళ్ల పుణ్యమా అని హాయిగా కాళ్లు చాపుకునేదాన్ని.

పీత నెత్తురు ఎర్రగా ఉండదు, లేత నీలంగా ఉంటుంది. కాలి కీలు దగ్గర సూదితో తీయాలి. చేయి కుదరకపోతే అది ఊరికే నల్లబడిపోతుంది. నాకు చేయి కుదరడానికే చాలా నెలలు పట్టింది. చిన్న చిన్న గుంటలున్న ప్లాస్టిక్ ప్లేటులో ఆ నెత్తురు పోసి, ఒకవైపు వయ్యారిభామ మొక్కల పుప్పొడి కలిపిన ఉప్పునీళ్లు, ఇంకోవైపు ఉత్త ఉప్పునీళ్లు వేసేదాన్ని. పరాయిదాని మీద కాపలా లేస్తే ఆ నెత్తురు నల్లబడుతుంది. ఉత్త ఉప్పునీళ్ల వైపు తేటగా ఉంటేనే పుప్పొడి వైపు రంగు మారిందన్న మాటకు విలువ. మారింది. కొంచెమే, కానీ ప్రతిసారీ మారింది. ఆ నెత్తురు కణాలలో ఏ జన్యువులు మేలుకుంటున్నాయో కూడా చూడటం మొదలుపెట్టాను. ఏర్పేడు రోడ్డు పక్కన ఆ పిచ్చిమొక్కల పుప్పొడి దులిపి తెచ్చుకున్న రోజున నా ముఖం ఎంత వాచేదో నాకే తెలుసు.

ఇక మా గైడు గారు. 'గారు' అని రాస్తున్నాను గానీ మనసులో ఏమంటానో రాస్తే అచ్చు వేయరు. క్లాసులో ఎలర్జీ మీద గంటసేపు చక్కటి ఇంగ్లీషులో పాఠం చెబుతాడు. తుమ్ము ఎలా పుడుతుందో బోర్డుమీద బొమ్మ గీస్తాడు. అదే మనిషి, బయల్దేరేటప్పుడు ఎవరైనా తుమ్మితే చెప్పులు విప్పి కూర్చుంటాడు, మంచినీళ్లు తాగి గానీ కదలడు. ఒంటి తుమ్ము అపశకునం, జంట తుమ్ములు మంచివి అంటారు కదా. నాకు ఏనాడూ ఒకదానితో ఆగదు. ఆ లెక్కన నాకంటే మంచి శకునం ఆ ల్యాబులో లేదు. కానీ ఆయన మొదటిదానికే ముఖం ముడుచుకునేవాడు.

దసరాకి ముందు నన్ను పిలిచాడు. "ఏమ్మా, మీ నాయనకి పూలతోట ఉండాది కదా. రెండు మూటలు బంతిపూలు తెమ్మని చెప్పు. కొత్త హుడ్డుకి ఆయుధపూజ చేయాల" అన్నాడు. హుడ్డంటే వడపోసిన గాలి కింద, దుమ్ము పడకుండా పని చేసుకునే అద్దాల పెట్టె. పూజ అయిన వెంటనే ముహూర్తానికి మొదటి పని కూడా అందులోనే చేయాలన్నాడు. ఆ మొదటి పని నా పీతలదే. నేను పొంగిపోయాను.

మా నాయన మొదటి బస్సుకు వచ్చాడు. ఉతికిన పంచె కట్టుకున్నాడు. కూతురు చదివే చోటు చూడటం అదే మొదటిసారి. దండలు ఆయన చేతనే కట్టించారు. "లోపల కూడా కట్టప్పా, నాలుగు పక్కలా నిండుగా ఉండాల" అంటున్నాడు గైడు. మా నాయన సంతోషంగా కడుతున్నాడు. నేను మాస్కు పెట్టుకుని గుమ్మంలోకి వచ్చాను. వచ్చానో లేదో, తుమ్మాను.

హారతి పళ్లెం పట్టుకున్న గైడు వెనక్కి తిరిగాడు. "ఈ పొద్దు నువ్వు లోపలికి రావద్దమ్మా. మంచి పని మొదలుపెట్టేటప్పుడు ఎదురుగా తుమ్మితే ఎట్ల? పో, ఆ మెట్లమీద కూర్చో."

"సార్, ప్రయోగం నాది."

"నీదేంది, నాదేంది? ల్యాబుది."

"అయితే ఆ పూలన్నా తీసేసి చేయండి సార్. ఫ్యాను వేస్తే పుప్పొడి ప్లేట్లలో రాలుతుంది."

"పూజ పూలు తీస్తారా ఎవరన్నా? తుమ్మింది చాలక అశుభం మాట్లాడుతుండావే! పో బయటికి."

అత్త కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. ఆయన తరిమినందుకు నాకు ఏడుపు రాలేదు. మా నాయన చేతిలో దండ పట్టుకుని అలాగే నిలబడిపోయాడు చూశారా, అందుకు వచ్చింది. తను పండించిన పూలు లోపల, తన కూతురు బయట. కాసేపటికి వచ్చి నా పక్కన మెట్లమీద కూర్చున్నాడు. "పోనీలే పాపా, పెద్దాయన, ఏదో అన్న్యాడు" అన్నాడు. నా ముఖం చూడలేదు. ఎవరో తెచ్చిచ్చిన పులిహోర పొట్లం విప్పకుండానే చేతిలో పట్టుకుని బస్సెక్కాడు.

చుక్కలు కొలిచి వేసే పిపెట్ ముట్టి ఎన్నేళ్లయిందో గానీ, ఆ పెద్దమనిషి ఆ రోజు ప్లేట్లన్నీ తన చేత్తోనే చేశాడు. సాయంత్రం ఫోటోలు తీసుకుని, వాటిని పారేయమని నాకే ఇచ్చాడు. చూస్తే పుప్పొడి వైపూ నలుపే, ఉత్త ఉప్పునీళ్ల వైపూ నలుపే. ఆ మాటే చెప్పాను. "ఉప్పునీళ్ల పక్క నా చెయ్యి జారిందిలే. పుప్పొడి పక్క సూడు, ఎట్ల నల్లబడిందో! నువ్వు చేసినప్పుడు యాడ నల్లబడింది ఇంతగా? చేతివాసి ఉండాలమ్మా" అన్నాడు. బంతిపూల పుప్పొడి రాలిందని మళ్లీ చెప్పాను. వినలేదు.

కొన్ని వారాలకు ఆ పని మీద పెద్ద సభలో మాట్లాడబోతున్నాడని తెలిసింది. పేరు ఆయనది ఒక్కటే. అడిగాను. "ఆ పొద్దు నువ్వు లోపల లేవు కదమ్మా" అన్నాడు, తీరిగ్గా టీ తాగుతూ.

ఒళ్లు మండిపోయింది. ఇంటికి ఫోను చేసి ఏడిస్తే మా అమ్మ "ఓర్చినమ్మకు తేటనీరు" అంది. "నాకు తేటనీరు వద్దమ్మా, ఆయన్ని ముంచడానికి ఏ నీరైనా చాలు" అన్నాను. పీతకు పగ గుర్తుండదు. నేను పీతను కాను. ఆయన ఎదురుపడినప్పుడల్లా నమస్కారం పెట్టాను, ఫైళ్లు మోశాను, నోట్లో నాలుక లేనిదానిలా తిరిగాను. లోపల మాత్రం ఆ మెట్లమీదే కూర్చుని ఉన్నాను.

సభ తిరుపతిలో. మా నాయనను రమ్మన్నాను. "నాకేం తెలస్తాది పాపా ఆ ఇంగిలీసు" అన్నాడు. "తెలిసేటట్లు నేను చేస్తాలే, నువ్వు రా" అన్నాను. ఆయన వెనక వరసలో, తలుపు పక్కన ఒదిగి కూర్చున్నాడు. నేను మంచి చీర కట్టుకుని, తుమ్ములు రాకుండా మాత్ర వేసుకుని, ముందు వరసలో కూర్చున్నాను. నేను నోరు విప్పితే నా పని కూడా పోతుందని తెలుసు. పీత, పుప్పొడి అన్న మాట వింటే ఆ తర్వాత ఎవరైనా నవ్వుతారు. గైడు సంతకం లేకుండా పట్టా రాదు. అన్నీ తెలిసే కూర్చున్నాను.

తెరమీద రెండు ప్లేట్ల ఫోటోలు పడ్డాయి. ఒకటి పుప్పొడి వైపుది, కారునలుపు. రెండోది, ఉత్త ఉప్పునీళ్ల వైపుది, తేటగా ఉంది. దాని మూతమీద ఉన్నది నా చేతిరాత. వానాకాలంలో, కొత్త హుడ్డు రాకముందు నేను చేసిన ప్లేటు! దొంగతనంలో కూడా ఒక సిగ్గు ఉండాలి కదా.

చెన్నై నుంచి వచ్చిన ఒక పెద్దావిడ లేచి, రెండు ప్లేట్లూ ఒకే రోజు చేశారా అని అడిగింది. అవునన్నాడు. అప్పుడు లేచాను. ఆవిడకు తెలుగు వచ్చని ముందే కనుక్కున్నాను, అందుకని కావాలనే తెలుగులో మాట్లాడాను. "ఆ తేట ప్లేటు నాది మేడమ్, ఎప్పుడో చేసింది. ఆ రోజు ప్లేటులో ఉప్పునీళ్లు కూడా నల్లబడ్డాయి. హుడ్డు నిండా బంతిపూల దండలు ఉన్నాయి" అన్నాను.

హాలంతా గుసగుసలు. గైడు ముఖం నెత్తురు చుక్క లేకుండా పాలిపోయింది. కానీ గడుసు మనిషి, వెంటనే సర్దుకున్నాడు. నవ్వి, ఆయన కూడా తెలుగులోకి దిగాడు. "సూడండి, ఈ ప్లేట్లన్నీ చేసింది ఈ అమ్మాయే. నేను నమ్మినాను. పిల్లోళ్లని నమ్మినందుకు నాకీ మాట వచ్చింది. ఈమె పేరే ముందు పెడదామని కూడా అనుకుంటా ఉండా" అన్నాడు.

ఇన్నాళ్లూ ఇవ్వని పేరు, తప్పు మోయడానికి ఇచ్చాడు.

"నిజమేనా అమ్మా?" అని ఆవిడ నన్ను అడిగింది.

"ఆ రోజు నేను గదిలో లేను మేడమ్. నన్ను బయట మెట్లమీద కూర్చోబెట్టారు."

"ఎందుకు?"

నేను చెప్పొచ్చు. ఒక్క మాటతో అయిపోతుంది. చెప్పలేదు. "సార్‌నే అడగండి" అన్నాను.

"ఆరోగ్యం బాగాలేదని..." అని నసిగాడు ఆయన.

"నాకేం జబ్బు సార్? జ్వరమా, మశూచా? ఎందుకు పొమ్మన్నారో మీ నోటితోనే చెప్పండి."

ఆవిడ కూర్చోలేదు. నేనూ కూర్చోలేదు. ఆయన తెర వైపు చూశాడు, నీళ్ల సీసా వైపు చూశాడు. ఎలర్జీ పాఠాలు చెప్పే మనిషి, చివరికి మైకుకు దూరంగా జరిగి, "పూజ కదా... తుమ్ముతాదని" అని గొణిగాడు. ముందు వరసలో ఇద్దరు ముగ్గురు నవ్వారు.

"మైకులో చెప్పండి సార్" అన్నాను. "వెనక వరసలో మా నాయన ఉన్నాడు. ఆయనకు వినబడలేదు."