పురికొస కట్టిన సొరకాయలు

ఆ రోజుల్లో నేను మనుషుల మాట కన్నా నోటుబుక్కు మాటనే ఎక్కువగా నమ్మేవాణ్ణి. (ఇప్పుడు మారిపోయానని కాదు. ఇప్పుడు కళ్ళజోడు లేనిదే నోటుబుక్కు కనబడదు, అంతే తేడా.) మనిషి నిన్న చెప్పినదాన్ని ఇవాళ మార్చగలడు, సిరాతో వేసిన అంకె రాత్రికి రాత్రి మారదు. ఈ సిద్ధాంతం నాకు నా ఉద్యోగమే నేర్పింది. బందరులో ఒక సర్కారు కచేరీలో పాత ఫైళ్ళకు నెంబర్లు వేసి, పురికొసతో కట్టి, బీరువాల్లో వరసగా సర్దే గుమస్తా పని నాది. నా ముడి ఆఫీసులో ప్రసిద్ధం. నేను ఒకసారి బిగించానంటే అది కత్తెరకు తప్ప లొంగేది కాదు. ఈ ముడిని పాఠకులు కాస్త గుర్తుంచుకోవాలని మనవి.

నా పెళ్ళి 1958లో జరిగింది. మా మామగారు దివిసీమలో నాగాయలంక పక్కన రైతు. కూతురు బందరులో ఏం తింటోందోనని ఆయనకు బెంగ. అందుచేత ప్రతి శనివారం చల్లపల్లి మీదుగా వచ్చే బస్సు టాపు మీద ఒక గోతాం దిగేది. అందులో వంకాయలు, బెండకాయలు, గోంగూర కట్టలు, దోసకాయలు. దాన్ని భుజాన వేసుకుని బస్టాండు నుంచి ఇంటికి నడవడం నా వంతు. దారిలో మా హెడ్డు గుమస్తాగారు తప్పకుండా ఎదురయ్యేవారు. (ప్రతి శనివారం అదే వీధిలో, అదే వేళకు ఎదురవడం కాకతాళీయమని నేను ఇప్పటికీ నమ్మను.) "ఏవయ్యా, అత్తారి జీతం అందిందా?" అనేవారు, నలుగురూ వినేలాగా. ఆ గోతాం బరువు ఎంతన్నది ఎప్పుడూ తూచలేదు గాని, ఆ మాట బరువు మాత్రం సోమవారం దాకా భుజం మీదే ఉండేది.

1959 జూన్ నెలలో మామగారు ఒకసారి స్వయంగా గోతాంతో దిగినప్పుడు ఉండబట్టలేక అడిగేశాను. "మావయ్యగారూ, మా పెరట్లో మేమే పండించుకుంటాం. మీకెందుకండీ శ్రమ?"

ఆయన పెరటివైపు చూసి నవ్వు ఆపుకోలేదు. "అల్లుడుగారూ, మా దివిలో గట్టుమీద గింజ జారిపడితే మూడోనాటికి పాదవుద్ది. మీ బందరు నేలలో ఉప్పు తప్ప ఏం పండుద్దండీ? మీరు కాగితాలు చూసుకోండి, కూరలు మేం చూసుకుంటాం."

"తేదీ చెప్పండి. ఆ రోజు మా పెరటి కాయతో కూర వడ్డిస్తాను. అప్పట్నించీ గోతాం మానెయ్యాలి."

"అట్టాగే! ఆగస్టు ఆఖరి ఆదివారం వస్తా. బజారు కాయ తెచ్చి పెడితే మాత్రం నోట్లో పెట్టుకోగానే పట్టేస్తా!"

కేలండరు చూశాను. ఆగస్టు ముప్పయ్యో తేదీ. నోటుబుక్కు తీసి మొదటి పేజీలో ఎర్రసిరాతో రాసుకున్నాను.

నేల విషయంలో మామగారు అబద్ధం ఆడలేదని ఆర్నెల్ల కిందటే తేలింది. అప్పుడు పద్నాలుగు వంగమొక్కలు నాటాను. నూతి నీళ్ళ ఉప్పుకు పదకొండు మాడిపోయాయి, రెండింటిని వీధి మేక తినేసింది, ఒకటి బతికి ఒక్క కాయ కాసింది. అది పుచ్చు. ఈసారి జాగ్రత్తపడి దివి నుంచే ఒక గోతాం ఒండ్రుమట్టి తెప్పించాను. (మట్టికి కూడా టిక్కెట్టు కొట్టాలా వద్దా అని కండక్టరు చాలాసేపు ఆలోచించాడట.) ఆ మట్టి గుంటలో పోసి, జూన్ పద్దెనిమిది గురువారంనాడు సొరగింజలు పెట్టాను. నూతి నీళ్ళు మాని, మునిసిపాలిటీ కుళాయి నీళ్ళు, మా ఆవిడ బియ్యం కడిగిన నీళ్ళు పోశాను. పాదు లేచింది. పెరటి చివర, మాకూ పక్క వాటావారికీ ఉమ్మడిగా ఉన్న తాటాకు పాక మీదికి ఎగబాకి, అటూ ఇటూ పళ్ళేలంత ఆకులు పరిచింది. ఆగస్టు మొదటివారంలో పిందెలు దిగాయి. సంబరంతో మా ఆవిణ్ణి పిలిచి, "అదిగో ఒకటి, అదిగో రెండు" అని వేలెత్తి చూపించాను.

"అయ్యో! వేలు చూపించకండీ, పిందె కుళ్ళిపోద్ది!" అని ఆవిడ నా చెయ్యి కిందికి లాగేసింది.

"వేలికీ పిందెకీ మధ్య మూడడుగుల దూరం ఉంది. ఎలా కుళ్ళుతుంది?"

"ఎలాగో నాకు తెలీదు. మా నాన్న వచ్చేసరికి కాయ కావాలా, మీ మూడడుగులు కావాలా? ఇవాళ్టినించి వేలు చూపించకూడదు, ముట్టుకోకూడదు, ఆకు ఎత్తి తొంగిచూడకూడదు."

వేలు చూపకుండా లెక్కపెట్టడం ఎలా? అప్పుడు నా ఉద్యోగ ప్రతిభ అక్కరకొచ్చింది. అట్టముక్కలు కత్తిరించి నెంబర్లు వేశాను. పిందెను తాకకుండా, ఒక్కొక్క కాడకూ పురికొసతో నా ఫైలు ముడి బిగించి, అట్టముక్క వేలాడదీశాను. మొత్తం పదకొండు. రోజూ ఉదయం ఆరున్నరకు స్టూలెక్కి, చేతులు వెనక్కి కట్టుకుని, అట్టలు మాత్రం చదువుకుని దిగేవాణ్ణి. ఇంత పద్ధతిగా సొరపాదును పెంచిన మనిషి కృష్ణా జిల్లాలో మరొకడు లేడని నాకు గట్టి నమ్మకం.

ఎనిమిదో తేదీ నుంచి ముసురు పట్టింది. ఆ వారంలోనే పిందెలు పసుపు తిరిగి రాలడం మొదలైంది. ఇరవయ్యో తేదీకి అయిదు పోయాయి. నోటుబుక్కులో కొత్త పేజీ తీసి 'అనుమానితులు' అని శీర్షిక పెట్టాను. మొదటిది వీధి మేక. కాని మేక స్టూలెక్కలేదు గనక కొట్టేశాను. రెండోది పాలమనిషి, పాదు చూసి "అబ్బో, ఏం కాపండీ!" అన్న రోజునే మూడో నెంబరు రాలింది గనక ఆమె దిష్టిని నమోదు చేశాను. (దిష్టిని నేను నమ్మను. నమోదు చేయడం వేరు.) మా ఆవిడ భుజం మీదుగా తొంగిచూసి, "మూడో పేరు మీదే రాసుకోండి. ఆ మొదటి రోజు చూపించిన వేలు ఎవరిదీ?" అంది. అది రాయలేదు. మూడో పేరు మాత్రం బాగా ఆలోచించి రాశాను: పక్క వాటా టీచరమ్మగారు.

ఆవిడ రిటైరైన పంతులమ్మ. ఒంటరి మనిషి. నాలుగు కోళ్ళు, ఒక కుర్చీ, ఆదివారం చర్చి, ఇదీ ఆవిడ లోకం. అనుమానానికి ఆధారం లేకపోలేదు. పన్నెండో తేదీన తడిక మీదుగా నన్ను పలకరించి, "బాబూ, ఆ తాళ్ళు అవసరమా? తీసేస్తే మంచిదేమో" అన్నారు.

"అవి లెక్క కోసమండీ" అన్నాను, కాస్త గట్టిగానే.

"లెక్క సరే. కాయ..."

"లెక్క ఉంటేనే కాయ ఉంటుందండీ" అని లోపలికి వచ్చేసి రాసుకున్నాను: 'నెంబర్లు తీసేయమనడంలో ఈవిడ ఉద్దేశమేమి? నెంబరు లేని కాయ పోతే సాక్ష్యముండదు గదా!' ఆ వాక్యం రాసినందుకు ఆ పూట అన్నం కూడా రుచిగా అనిపించింది.

ఇరవై రెండో తేదీన నా అనుమానానికి దస్తావేజు దొరికింది. నాలుగో నెంబరు అట్ట నేలమీద పడి ఉంది. పురికొస తెగిపోలేదు, కత్తెరతో కోసినట్టు నున్నగా ఉంది. ఇరవై నాలుగున ఆరో నెంబరు, ఇరవై ఆరున ఏడు, ఇరవై ఎనిమిదిన పది. మేకకు కత్తెర పట్టడం రాదు. పాలమనిషి వచ్చేది ఏడింటికి. నోటుబుక్కులో నాలుగింటి ఎదురుగా 'అపహరణ' అని రాశాను. ఇక మిగిలినవి తొమ్మిది, పదకొండు. మామగారు రావడానికి రెండు రోజులు. ఆ రెండూ పోతే జన్మంతా శనివారాలు బస్టాండులోనే. శనివారం సాయంత్రం కూర్చుని ఇంటి యజమానికి ఫిర్యాదు రాశాను: 'పై ఆధారములనుబట్టి పక్క వాటాలోని విశ్రాంత ఉపాధ్యాయినిగారే ఇందుకు బాధ్యులని నిర్ధారించడమైనది.' రెడ్‌హేండెడ్‌గా పట్టుకోబోయేది మర్నాడు గనక తేదీ కూడా ముప్పయ్యో తారీకే వేసి, మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను.

ఆదివారం ఉదయం ఆరు గంటలకు పాక పక్కన స్టూలు మీద నక్కి కూర్చున్నాను. ఆరూ పదికి అవతలివైపు నుంచి ఒక చెయ్యి లేచింది. తెల్లని జాకెట్టు చెయ్యి. వేళ్ళలో కత్తెర. అది తొమ్మిదో నెంబరు దగ్గరకు వచ్చింది.

"టీచరమ్మగారూ! కదలకండి!" అని అరుస్తూ స్టూలు మీద నిలబడ్డాను.

"నేను కదిలితే కాడ తెగుద్దయ్యా. నువ్వే కదలమాకు" అన్నారావిడ, ఏమాత్రం తడబడకుండా. కత్తెర 'కట్' మంది. అట్టముక్క నా కాళ్ళ దగ్గర పడింది. కాయ మాత్రం పడలేదు.

"ఇటు చూడు. ఎవరు కట్టారీ ముడి?"

"నేనే" అన్నాను. అలవాటు కొద్దీ కొంచెం గర్వంగా కూడా అన్నానేమో.

"కాయ పెరిగితే కాడ లావవదూ? ఫైలు లావవుద్దా? పైగా వానకి పురికొస తడిసి ఇంకా బిగుసుకుంది. ఈ గాడి చూడు, గోరంత లోతుకి కోసింది. పసిబిడ్డకి మొలతాడు కూడా ఏడాదికోసారి మారుస్తారు నాయనా. నువ్వు మెడకి కట్టి ఊరుకున్నావు. చెబితే వినవు. అందుకే పొద్దున్నే నేనే తీసేస్తున్నాను. పైవాటికి అందడానికి రోజు విడిచి రోజు కుర్చీ ఎక్కాల్సొస్తోంది ఈ మోకాళ్ళతో."

నాకు ఒక్కటే ప్రశ్న మిగిలింది. "మరి నాలుగు, ఆరు, ఏడు, పది ఏవండీ?"

"నెంబర్లు నాకేం తెలుసు? ఆకులెత్తి చూడు." చర్చి గంట మోగింది. ఆవిడ కత్తెర చీరకొంగుకు తుడిచి, పదకొండో నెంబరు తాడు కూడా కోసేసి, దిగి వెళ్ళిపోయారు.

ఆకు ఎత్తనని మాట ఇచ్చినవాణ్ణి గనక మా ఆవిణ్ణి పిలిచాను. ఆవిడ స్టూలెక్కి, ఆకు తరవాత ఆకు తప్పించింది. లేతాకుపచ్చని కాయలు, తాటాకుల మీద పడుకున్న పసిపిల్లల్లా ఉన్నాయి. నేను రోజూ స్టూలెక్కి చదివింది అట్టలనే గాని, కాయలను కాదు. అట్ట లేని కాయ నా దృష్టిలో లేని కాయ.

మధ్యాహ్నం మామగారు సొరకాయ పాలుపోసిన కూర మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకున్నారు. తరవాత తెరిచి, "పాదు చూశాను. బాగుంది. మొత్తం ఎన్ని కాశాయి అల్లుడుగారూ?" అన్నారు.

"రికార్డు ప్రకారం రెండండీ. పాదు ప్రకారం ఆరు."

ఆయనకు పొలమారింది. కూతురు నెత్తిమీద తట్టవలసి వచ్చింది. మాట ప్రకారం గోతాం ఆగిపోయింది. ఆ సాయంత్రం అదే గోతాంలో రెండు సొరకాయలు ఎదురు దిక్కున దివికి వెళ్ళాయి. ఒకటి టీచరమ్మగారింటికి వెళ్ళింది. నేనే తీసుకెళ్ళాను, క్షమాపణ మాత్రం నోట్లోనే ఉండిపోయింది. ఇంటికొచ్చి జేబు తడుముకుంటే ఫిర్యాదు కాగితం లేదు. పెరడంతా వెతికాను. మా ఆవిడ పొయ్యి రాజేసుకుందేమోనని అనుమానించి మూడు రోజులు ప్రశ్నించాను. ఆవిడ నాలుగో రోజున మాట్లాడటం మానేసింది గనక దర్యాప్తు ముగించాను.

1961 మే నెలలో గుడివాడకు బదిలీ అయింది. బయల్దేరే రోజున టీచరమ్మగారు తడిక దగ్గరకు వచ్చి చిన్న పొట్లం చేతిలో పెట్టారు. "మన పాదు గింజలే. అక్కడ నేల మంచిది" అన్నారు. 'మన' అన్న మాట విన్నాను. పొట్లం చొక్కా జేబులో పెట్టుకున్నాను.

గుడివాడలో పొట్లం విప్పాను. కాగితం నాదే. నా చేతిరాతే, నా తేదీయే, 'నిర్ధారించడమైనది' అన్న నా వాక్యమే. ఆ ఉదయం స్టూలు మీంచి జారి అవతల పడి ఉండాలి. ఏడాదిన్నర పైగా ఆవిడ దగ్గరే ఉంది. ఆ మధ్యకాలంలో మా ఇంటికి కోడిగుడ్లు పంపారు, మా ఆవిడకు నలతగా ఉన్నప్పుడు జావ కాచి తెచ్చారు, నాకు రోజూ "బావున్నావా బాబూ" అన్నారు. నా సంతకం కింద పెన్సిలుతో గుండ్రని అక్షరాల్లో రాసి ఉంది: 'గింజలు ఇరవై నాలుగు. రెండుసార్లు లెక్కపెట్టాను. తాళ్ళు కట్టకు.'

అలవాటు చావదు గదా. గింజలు నేలమీద వరసగా పేర్చి లెక్కపెట్టాను. ఇరవై మూడు. మళ్ళీ లెక్కపెట్టాను. ఇరవై మూడే. బస్సులో జారిందో, పొట్లం విప్పేటప్పుడు ఎగిరిందో, ఆవిడే పొరబడ్డారో. నోటుబుక్కు తెరిచి కలం తీశాను.

మొన్న అటక మీది పెట్టె దింపితే ఆ నోటుబుక్కు దొరికింది. కళ్ళజోడు తుడుచుకుని ఆ పేజీ వెతికాను. అప్పటి కుర్రగుమస్తా చేతిరాత ఎంత పొందికగా ఉందో! 'సొరగింజలు: ఇరవై నాలుగు' అని రాసి ఉంది, కొట్టివేత లేకుండా. నా జీవితంలో తెలిసి తెలిసి రాసిన తప్పు లెక్క అదొక్కటే. ఇప్పటికీ దిద్దలేదు.